ఖాళీ స్లాటు ఖరీదు

మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మాట్లాడుతుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, నా లాప్‌టాప్‌లోనే వీడియో ఎడిటింగ్ అయిపోతోంది, కోడింగ్ అయిపోతోంది. మిగిలింది క్లౌడ్ చూసుకుంటోంది. ఇంకా ఆ పెద్ద పెద్ద డెస్క్‌టాప్‌ల మీద కంపెనీలు డబ్బు పోయడం దండగ కాదా?"

కంప్యూటర్లు తయారుచేసేవాళ్లను కూడా చాలాకాలంగా సతాయిస్తున్న ప్రశ్నే ఇది. దీనికి నేను ఒక యంత్రం కథ చెబుతాను. ఇంజనీరింగ్ పనితనం చూస్తే ముద్దొచ్చే యంత్రం. బజారులో మాత్రం బోర్లా పడింది. ఎందుకు పడిందో అర్థమైతే ఆ అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

2013 జూన్‌లో ఆపిల్ కంపెనీ తన డెవలపర్ల సభలో కొత్త మ్యాక్ ప్రోను చూపించింది. సినిమా ఎడిటర్లు, సంగీత దర్శకులు, శాస్త్రవేత్తలు వాడే డెస్క్‌టాప్ అది. అంతకుముందు మ్యాక్ ప్రో అంటే బరువైన అల్యూమినియం టవర్. దాని బదులు వేదిక మీద నిగనిగలాడే నల్లటి స్థూపం ఒకటి ప్రత్యక్షమైంది. ఎత్తు 25 సెంటీమీటర్లు, అడ్డుకొలత 17 కూడా లేదు. పాత టవర్ ఘనపరిమాణంలో ఎనిమిదో వంతు. జనం దానికి వెంటనే 'చెత్తబుట్ట' అని పేరు పెట్టేశారు. పేరు సంగతి ఎలా ఉన్నా, లోపలికి తొంగిచూస్తే ఎగతాళి చేయబుద్ధి కాదు.

వెనకవైపు చిన్న లాక్ ఉంటుంది. అది జరిపి నల్లటి తొడుగును నిలువుగా పైకి లాగితే మొత్తం ఊడి చేతికొస్తుంది. లోపల కనిపించేది మూడు గోడల గోపురం. మూడు గోడల మీద మూడు సర్క్యూట్ బోర్డులు నిలబెట్టి ఉంటాయి: ఒకదాని మీద ప్రాసెసర్, మిగిలిన రెండింటి మీద చెరో గ్రాఫిక్స్ చిప్. ఆ మూడు బోర్డులూ తమ వీపులు ఆనించుకున్నది ఒకే ఒక్క అల్యూమినియం హీట్ సింక్‌కి. త్రికోణాకారంలో, లోపల బోలుగా, సన్నటి రేకులతో నిండి ఉంటుంది. శిఖరాన ఒకే ఒక్క పెద్ద ఫ్యాన్. అది అడుగునుంచి చల్లగాలిని పీల్చి, రేకుల మధ్యగా పైకి లాగి, నెత్తిమీద నుంచి వదిలేస్తుంది. మూడు పొయ్యిలకు ఒకే పొగగొట్టం కట్టినట్టన్నమాట.

ఇందులో తెలివి ఎక్కడుందో చెప్పాలంటే ముందు వేడి సంగతి చెప్పాలి. కంప్యూటర్ల చరిత్ర అంటే మనం వేగాల చరిత్ర అనుకుంటాం కానీ, గత ఇరవై ఏళ్లుగా ఆ వేగానికి పగ్గం వేస్తున్నది వేడే.

చిప్‌లో కోట్లాది ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఒక్కొక్కటీ ఆన్ అయి ఆఫ్ అయినప్పుడల్లా పిసరంత విద్యుదావేశం నిండుతుంది, ఖాళీ అవుతుంది. అలా ఖర్చైన శక్తి అంతా చివరకు వేడిగానే తేలుతుంది. ఈ వేడి ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడుతుంది: క్లాక్ వేగం, వోల్టేజి. వేగం రెట్టింపైతే వేడీ రెట్టింపు. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఎందుకంటే లెక్కలోకి వచ్చేది వోల్టేజి వర్గం. అసలు మెలిక ఏమిటంటే, వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచక తప్పదు. రెండూ కలిసి పెరిగితే వేడి ఘనం లెక్కన ఎగబాకుతుంది.

దీన్నే తిరగేసి చూడండి. వేగాన్నీ వోల్టేజినీ చెరో 20 శాతం తగ్గించామనుకుందాం. 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.512. అంటే వేగం ఐదో వంతు పోయింది, వేడి మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. మిగిలిన ఆ సగం వేడికి అలాంటిదే ఇంకో చిప్ పక్కన పెట్టుకోవచ్చు. అప్పుడు అదే వేడికి మొత్తం పని 1.6 రెట్లు జరుగుతుంది. ఒక్క మహావేగి బదులు నలుగురు నిదానస్తులను పెట్టుకోవడం లాభమని చిప్‌ల తయారీదారులకు నేర్పింది ఈ చిన్న గుణకారమే.

నేర్చుకోవడానికి దెబ్బ తగలాల్సి వచ్చింది. 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ బృందం ఒక సూత్రం చెప్పింది: ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసేకొద్దీ వోల్టేజి కూడా అదే నిష్పత్తిలో తగ్గించుకోవచ్చు, కాబట్టి చదరపు మిల్లీమీటరుకు వచ్చే వేడి పెరగదు. మూడు దశాబ్దాలు ఈ సూత్రమే పరిశ్రమను మోసింది. 2005 దగ్గరకొచ్చేసరికి అది చతికిలబడింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కరెంటు కారడం మొదలైంది, వోల్టేజిని ఇంకా దించే వీలు లేకపోయింది. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం-4ను రద్దు చేసుకుంది. ఆ కంపెనీ అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభలో వేదిక మీదే మోకాళ్ల మీద కూర్చుని సరదాగా క్షమాపణ చెప్పాడు. అప్పటినుంచి అందరూ ఒక చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టే దారి పట్టారు.

ఇప్పుడు చిప్‌లో పుట్టిన వేడిని బయటికి పంపాలి. ఇక్కడ లెక్క ఇంకా సులువు. చిప్ ఉష్ణోగ్రత అంటే గది ఉష్ణోగ్రతకు, చిప్ వాడే వాట్లను హీట్ సింక్ నిరోధంతో గుణించి కలిపిన మొత్తం. హీట్ సింక్ ఒక్కో వాటుకు 0.2 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, 250 వాట్ల చిప్ గది కంటే 50 డిగ్రీలు పైన ఉంటుంది. 22 డిగ్రీల కాలిఫోర్నియా గదిలో అది 72. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 40 దగ్గర ఉంటే, అదే చిప్ 90. చాలా చిప్‌లు 90, 100 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట భయపడి తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అదే కంప్యూటర్, అదే సాఫ్ట్‌వేర్, కానీ ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి రెండరింగ్ నత్తనడక నడుస్తోందంటే కారణం ఇదే. మన ఊళ్లలో యంత్రాలు కొనేవాళ్లకు ఈ కూడిక నోటికి వచ్చి ఉండాలి.

నిరోధం తగ్గించాలంటే దారులు రెండు: రేకుల వైశాల్యం పెంచడం, గాలి వేగం పెంచడం. రెండోది చవకగా కనిపిస్తుంది కానీ ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే అది తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, రొద కూడా విపరీతంగా పెరుగుతుంది. అందుకే చిన్న ఫ్యాన్‌ను గిరగిరా తిప్పడం కంటే పెద్ద ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పడం ఎప్పుడూ మేలు. పెద్ద రేకులకూ పెద్ద ఫ్యాన్‌కూ కావలసింది చోటు. సన్నటి లాప్‌టాప్‌లో లేనిది సరిగ్గా అదే. లాప్‌టాప్ తొలి నిమిషంలో డెస్క్‌టాప్‌తో పోటీపడి పరిగెత్తగలదు. అరగంట గడిచాక చూడాలి అసలు తేడా.

ఇంత తెలిశాక ఆ నల్లటి స్థూపంలోని తెలివి ఇట్టే పట్టుబడుతుంది. మామూలు టవర్‌లో ప్రతి చిప్‌కూ సొంత హీట్ సింక్ ఉంటుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉండి గ్రాఫిక్స్ కార్డు మాత్రమే కష్టపడుతుంటే, ప్రాసెసర్ హీట్ సింక్ ఊరికే కూర్చుని ఉంటుంది. స్థూపంలో అలా కాదు. మూడింటికీ ఉమ్మడి ఆస్తి. ఒకటి విశ్రాంతి తీసుకుంటే దాని వాటా రేకులు మిగిలిన రెండింటి వేడిని పంచుకుంటాయి. అందుకే అంత చిన్న పెట్టెలో 12 కోర్ల వరకు ప్రాసెసర్‌నూ రెండు గ్రాఫిక్స్ చిప్‌లనూ పెట్టి, గుసగుసంత చప్పుడుతో నడిపించగలిగారు. ఇంజనీరింగ్ విద్యార్థులెవరైనా దీన్ని విప్పి చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు.

అయితే ఈ ఏర్పాటుకు ఒక షరతు ఉంది: ఒక గోడ విశ్రాంతి తీసుకున్నా పర్వాలేదు కానీ, ఏ ఒక్క గోడ మీదా వేడి మిగిలినవాటికన్నా మరీ ఎక్కువ కాకూడదు. భవిష్యత్తులో పనులన్నీ రెండు మధ్యరకం గ్రాఫిక్స్ చిప్‌ల మధ్య పంచుకుంటారని ఆపిల్ లెక్క వేసుకుంది. లోకం ఇంకో దారి పట్టింది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు పనిని రెండు చిప్‌లకు పంచడం తలనొప్పి. ఒకే ఒక్క భారీ చిప్ ఉంటే వాళ్లకు హాయి. ఎన్‌విడియా లాంటి కంపెనీలు ఆ భారీ చిప్‌లనే చేసుకుంటూ పోయాయి. అలాంటిది ఒక గోడకు తగిలిస్తే ఆ గోడ మాడిపోతుంది. పైగా స్థూపం పవర్ సప్లై మొత్తం 450 వాట్లు. దానికి ముందున్న టవర్‌లో 980 ఉండేది. కొత్త చిప్ పెట్టడానికి చోటు లేదు, కరెంటు లేదు, వేడి పోయే దారీ లేదు. మూడేళ్లకు పైగా ఆ యంత్రం మార్పు లేకుండా అలాగే అమ్ముడుపోయింది. 2017 ఏప్రిల్‌లో ఆపిల్ కొద్దిమంది విలేకరులను పిలిచింది. వేడి విషయంలో తమను తామే ఒక మూలకు నెట్టుకున్నామని ఆ కంపెనీ ఉపాధ్యక్షుడు క్రెయిగ్ ఫెడరిగి వాళ్ల ముందు ఒప్పుకున్నాడు. ఆపిల్ అలా బాహాటంగా ఒప్పుకోవడం అరుదు.

సరే, పొరపాటు దిద్దుకునే బదులు ఆ యంత్రాన్నే ఎత్తేస్తే పోయేది కదా? అదే సమావేశంలో ఆపిల్ కొన్ని అంకెలు చెప్పింది. తాము అమ్మే మ్యాక్‌లలో దాదాపు 80 శాతం లాప్‌టాప్‌లే. మ్యాక్ ప్రో వాటా పది శాతంలోపే. అమ్మకాలే కొలబద్ద అయితే ఆ అమ్మాయి మాటే నిజం, దుకాణం కట్టేయాలి. కానీ అమ్మకాల పట్టికలో కనిపించని లెక్క ఒకటుంది.

2012లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ అనే విద్యార్థి, ఇల్యా సుత్స్కెవర్ అనే సహాధ్యాయి, వాళ్ల గురువు జెఫ్రీ హింటన్ కలిసి ఫోటోల్లో వస్తువులను గుర్తుపట్టే ఒక న్యూరల్ నెట్‌వర్క్ తయారుచేశారు. ఇమేజ్‌నెట్ పోటీలో రెండో స్థానంలో నిలిచినవాళ్లు 26.2 శాతం తప్పులు చేస్తే, వీళ్లవి 15.3 శాతమే. ఈరోజు మనం ఏఐ అంటున్న జాతరకు కొబ్బరికాయ కొట్టింది ఆ ఫలితమే. ఆ శిక్షణ జరిగింది సూపర్ కంప్యూటర్ మీద కాదు. అలెక్స్ తల్లిదండ్రుల ఇంట్లో, అతని పడకగదిలో ఉన్న డెస్క్‌టాప్ మీద. అందులో పెట్టినవి బజారులో దొరికే జీటీఎక్స్ 580 కార్డులు రెండు. పిల్లలు గేములాడుకోవడానికి చేసిన కార్డులవి. ఐదారు రోజులు రాత్రింబవళ్లు అవి నడిచాయి.

ఇక్కడొక చిన్న లెక్క వేసి చూడండి. జీటీఎక్స్ 580 ఒక్కొక్కటి 244 వాట్లకు తయారైంది. రెండింటికీ కలిపి 488. మరుసటి ఏడాది ఆపిల్ అంత ముద్దుగా చేసిన స్థూపం మొత్తం పవర్ సప్లై 450. ప్రాసెసర్‌కు ఒక్క వాటు కూడా ఇవ్వకపోయినా ఆ రెండు కార్డులు అందులో నడవవు. ప్రపంచాన్ని మార్చిన ప్రయోగానికి కావలసింది అందమైన పెట్టె కాదు, కార్డులు గుచ్చుకునే రెండు ఖాళీ స్లాట్లూ బలమైన పవర్ సప్లై ఉన్న పెట్టె.

ఆ స్లాట్లు పెట్టిన ఇంజనీరుకు న్యూరల్ నెట్‌వర్క్‌ల గురించి తెలిసి ఉండక్కర్లేదు. ఎవరో ఎప్పుడో ఏదో పెట్టుకుంటారని చోటు వదిలాడంతే. నిపుణుల డెస్క్‌టాప్‌లో కంపెనీ పెట్టే పెట్టుబడి అసలు ఆ ఖాళీ మీదే. తనకు తెలియని పనికి చోటూ కరెంటూ గాలీ వదిలిపెట్టడం మీద. పది శాతంలోపు అమ్మకాల వెనక దాగిన ఫలం అదే.

చరిత్రలో ఇది మొదటిసారి కూడా కాదు. 1982లో పుట్టిన సన్ మైక్రోసిస్టమ్స్, దాని సమకాలీన కంపెనీ సిలికాన్ గ్రాఫిక్స్, ఇద్దరూ నిపుణుల కోసం ఖరీదైన వర్క్‌స్టేషన్లు చేసి బతికారు. 'జురాసిక్ పార్క్' డైనోసార్లు సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల మీదే కదిలాయి. తర్వాత ఇంటెల్ చిప్‌ల పీసీలు చవకగా వచ్చి ఇద్దరినీ మింగేశాయి. అయినా విత్తనాలు మిగిలాయి. ఎన్‌విడియా స్థాపించిన ముగ్గురిలో ఇద్దరు, క్రిస్ మలకోవ్‌స్కీ, కర్టిస్ ప్రీమ్, సన్‌లో వర్క్‌స్టేషన్ల గ్రాఫిక్స్ మీద పనిచేసి వచ్చినవాళ్లే. గ్రాఫిక్స్ ప్రోగ్రాములకు ఉమ్మడి భాష లాంటి ఓపెన్‌జీఎల్ పుట్టింది సిలికాన్ గ్రాఫిక్స్‌లో. తొలి వెబ్ సర్వర్ నడిచింది సెర్న్ ప్రయోగశాలలో, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ బల్ల మీదున్న నెక్స్ట్ వర్క్‌స్టేషన్ మీద. తక్కువమంది కొనే యంత్రాల్లోనే ఎక్కువమందికి అవసరమయ్యేవి మొలకెత్తాయి.

మళ్లీ ఆపిల్ దగ్గరకొద్దాం. 2019లో ఆ కంపెనీ టవర్‌కే తిరిగొచ్చింది: ఎనిమిది స్లాట్లు, 1.4 కిలోవాట్ల పవర్ సప్లై, ముందు భాగంలో పెద్ద ఫ్యాన్లు, 1.5 టెరాబైట్ల వరకు మెమరీ. ధర 5,999 డాలర్ల నుంచి మొదలు, కింద చక్రాలు కావాలంటే ఇంకో 400. ఏడాది తిరక్కుండానే ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చి కథను అడ్డం తిప్పింది.

నిజాయితీగా చెప్పాలంటే నా వాదనకు గట్టి ప్రతివాదం ఈ చిప్‌లోనే ఉంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరొవిట్జ్ 2014లో చూపించిన అంకెల ప్రకారం, 45 నానోమీటర్ల చిప్‌లో రెండు దశాంశ సంఖ్యలు కూడడానికి దాదాపు 0.9 పికోజౌళ్లు పడితే, ఆ సంఖ్యల్లో ఒకదాన్ని బయటున్న మెమరీ నుంచి తెచ్చుకోవడానికి వందల పికోజౌళ్లు పడతాయి. అంటే వంటకన్నా సరుకుల రవాణాకే కొన్ని వందల రెట్లు ఖర్చు. 3 గిగాహెర్ట్జ్ చిప్‌లో ఒక్క క్లాక్ టిక్కులో కాంతి వెళ్లగలిగేది కేవలం 10 సెంటీమీటర్లు. దూరం పెట్టేకొద్దీ నష్టమే. ఎం1 చేసిందల్లా ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్‌నూ ఒకే చిప్‌లో పెట్టి, మెమరీని పక్కనే అతికించి, రెంటికీ ఉమ్మడిగా ఇవ్వడం. 2022లో వచ్చిన మ్యాక్ స్టూడియో అనే చిన్న పెట్టె చాలా పనుల్లో పెద్ద టవర్‌ను వెనక్కి నెట్టింది. 2023 మ్యాక్ ప్రోకు స్లాట్లు ఉన్నాయి కానీ అందులో గ్రాఫిక్స్ కార్డు పెడితే పనిచెయ్యదు.

కాబట్టి పోరు రెండు సుగుణాల మధ్య. దగ్గరగా అతికిస్తే పొదుపు, విడిగా వదిలితే స్వేచ్ఛ. అతికించినదాంట్లో మెమరీ చాలకపోతే కొత్త యంత్రమే కొనాలి. విడిగా ఉన్నదాంట్లో కార్డు మార్చుకుంటే సరి, కానీ కరెంటు బిల్లు వాచిపోతుంది. ఇప్పటి ఆర్‌టీఎక్స్ 5090 కార్డు ఒక్కటే 575 వాట్లు తింటుంది. మన స్థూపం మొత్తం తాగినదానికన్నా ఎక్కువ.

మరి క్లౌడ్? దీనికీ గుణకారమే జవాబు. సినిమా గ్రాఫిక్స్‌లో వాడే 4కె ఫ్రేమ్‌లో 88 లక్షలకు పైగా పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులు, రంగుకు రెండు బైట్లు. ఫ్రేమ్‌కు 53 మెగాబైట్లు. సెకనుకు 24 ఫ్రేములు, గంటకు సుమారు 4.6 టెరాబైట్లు. కుదించకుండా ఈ గంట ఫుటేజిని 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద పైకి పంపాలంటే నాలుగు రోజులకు పైనే పడుతుంది. 'ఈగ', 'బాహుబలి' లాంటి సినిమాలకు పనిచేసిన మన హైదరాబాద్ గ్రాఫిక్స్ కళాకారులను అడగండి. చివరి రెండరింగ్ సర్వర్ల వరస మీద జరుగుతుంది, నిజమే. కానీ ఈగ రెక్క ఏ కోణంలో వంగాలో వందసార్లు మార్చి చూసుకునే పని బల్ల మీదున్న యంత్రంతోనే. మౌస్ కదిపిన వెంటనే బొమ్మ కదలకపోతే కళాకారుడి ఆలోచన తెగిపోతుంది. దీనికి తోడు బయటికి పంపకూడని డేటా ఉంటుంది: ఆసుపత్రి స్కాన్లు, విడుదల కాని సినిమాలు, కంపెనీ డిజైన్లు.

నా తీర్పు ఇది. కంపెనీలు నిపుణుల డెస్క్‌టాప్ మీద పెట్టుబడి ఆపకూడదు. అయితే అదే పెట్టెను ఏడాదికోసారి నాజూకు చెయ్యడానికి ఆ డబ్బు తగలెయ్యనక్కర్లేదు. అతికించిన చిప్‌లు ఎలాగూ లాప్‌టాప్‌ల లాభాల మీద వాటంతటవే ఎదుగుతాయి. టవర్ అలా ఎదగదు, ఎవరో ఒకరు కావాలని మోయాలి. స్లాట్లు, వాట్లు, గాలి ఈ మూడింటినీ ఉంచి, మిగతాది వాడేవాడికి వదిలేస్తే చాలు. అమ్మకాల్లో అది చిన్న గీతగానే ఉండిపోవచ్చు. దాన్ని పరిశోధన ఖర్చు కింద రాసుకోవాలి.

ఇక కొనేవాళ్లకు ఒక మాట. మీ పని మెయిళ్లు, పత్రాలు, అప్పుడప్పుడు వీడియోలు అయితే లాప్‌టాప్ హాయిగా సరిపోతుంది, డబ్బు తగలెయ్యకండి. గంటల తరబడి రెండర్ చేసేవాళ్లూ, మోడళ్లకు శిక్షణ ఇచ్చేవాళ్లూ మాత్రం షాపులో మూడు ప్రశ్నలు అడగండి: పవర్ సప్లై ఎన్ని వాట్లు? ఖాళీ స్లాట్లు ఎన్ని? గంటసేపు పూర్తి లోడ్ మీద నడిపితే వేగం ఎంత పడిపోతుంది? మూడోదానికి షాపువాడి దగ్గర జవాబు లేకపోతే అక్కడే నడిపించి చూపించమనండి. వీలైతే మే నెలలో, ఏసీ ఆపేసి.